టమాట నారు – నాటు వేళ

మన వంటయిండ్లలో టమాట లేని దినము నేడు అరుదు. పప్పులోను, పులుసులోను, చారులోను, పచ్చడిలోను, ఏ కూరతో కలిపినను అది ఒదిగిపోవును. ధనికుని ఇంటను, కూలివాని ఇంటను సమానముగ మన్నన పొందిన కూరగాయ అది. ఐనను తినువారిలో పెక్కుమందికి ఆ పండు వెనుక నున్న శ్రమ తెలియదు. టమాట సేద్యములో రైతునకు ఎదురగు ప్రశ్నలన్నింటిలో మిక్కిలి చిక్కైనది ఒకటి కలదు. నారుమడిలో నీడపట్టున పెరిగిన లేత మొక్కను ఎన్నడు తీసి బయటి నేలలో నాటవలయును? తొందరపడినచో మొక్క చచ్చును. ఆలసించినచో కాపు తగ్గును. ఈ చిన్న ప్రశ్నపై ఒక కుటుంబము యొక్క ఆరు నెలల జీవనము ఆధారపడి యున్నది. కావున దానిని కొంత వివరముగ విచారింతము.

టమాట మన దేశమున పుట్టినది కాదు. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతము. మెక్సికో దేశపు ప్రాచీనులు దానిని తోటలలో పెంచి, గోలీలంతటి కాయను పిడికిలియంత పండుగా తీర్చిరి. వారి నహువాతల్ భాషలోని 'తొమాతల్' అను మాటయే పలు దేశములు తిరిగి మన నోట 'టమాట' అయినది. 16వ శతాబ్దమున స్పెయిన్ వారు దానిని ఐరోపాకు కొనిపోయిరి. పోర్చుగీసు వర్తకుల మూలమున అది మన తీరమునకు చేరినది. క్రొత్తగా వచ్చిన కాయకు మనవారు తమకు తెలిసిన కాయల పేళ్ళనే పెట్టుకొనిరి. తెలంగాణములో దానిని 'రామములక్కాయ' అనుట కలదు. కొన్ని తావుల 'సీమవంకాయ' అనిరి. రాయలసీమ దక్షిణ భాగమున 'తక్కాళి' అందురు. వంగ, మిరప, బంగాళాదుంప, పొగాకు దీని దాయాదులు. నేడు ప్రపంచమున చైనా తరువాత మిక్కుటముగ టమాట పండించునది మన దేశమే. రాయలసీమలోని మదనపల్లె టమాట సంత దేశమంతట పేరు పొందినది.

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, బీజాపురమునకు పోవు రహదారిపై మొయినాబాదు, దానిని దాటిన పిదప చేవెళ్ల కలవు. ఇవి రంగారెడ్డి జిల్లాలోనివి. ఈ జిల్లా 1978లో ఏర్పడినది. ఈ ప్రాంతమువారే యైన స్వాతంత్ర్య సమరయోధులు కొండా వెంకట రంగారెడ్డిగారి పేరు దీనికి పెట్టబడినది. ఈ రహదారి ప్రక్కల నున్న మర్రిచెట్లు ప్రసిద్ధములు. 1908లో మూసీనదికి వచ్చిన ఘోరమైన వరద తరువాత నగర రక్షణకై నిర్మింపబడిన రెండు జలాశయములు మొయినాబాదునకు చేరువనే యున్నవి. మూసీపై ఉస్మాన్ సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్ సాగరు 1927లోను పూర్తియైనవి. ఇచ్చటి నేలలు అధికముగ ఎర్రని చల్కలు. అక్కడక్కడ నల్లరేగడియు కలదు. నీరు ఎక్కువగ బోరుబావులనుండి వచ్చును. నగరము పడమటికి పెరుగుచుండుటచే కొన్ని చేలు ఇండ్ల స్థలములైనవి. ఐనను కూరగాయలు, బంతి, చామంతి, గులాబి వంటి పూలు పండించు రైతులు ఈ మండలములలో నేటికిని పెక్కురు. తెల్లవారకముందే ఇచ్చటి టమాట పెట్టెలు వాహనములకెక్కి నగరము చేరును. 1999లో రైతుబజారులు ఏర్పడిన పిదప మెహిదీపట్నము వంటి చోట్ల రైతు తన సరకును తానే తూచి అమ్ముకొను వీలు కలిగినది.

ఇక నారు సంగతి. టమాట విత్తనము మిక్కిలి చిన్నది. ఒక గ్రాములో సుమారు 300 గింజలుండును. అంతటి చిన్న గింజను విశాలమైన చేనిలో నేరుగ చల్లినచో చీమలు, కలుపు, ఎండ, వాన దానిని బ్రతుకనీయవు. అందుచే తల్లి పసిబిడ్డను ఒడిలో పెంచినట్లు రైతు దానిని ముందుగ నారుమడిలో పెంచును. సాధారణ రకములకు ఎకరమునకు 200 గ్రాముల విత్తనము కావలయును. సంకర రకములకు 60 నుండి 80 గ్రాములు చాలును. వరుసల నడుమ 60 సెంటీమీటర్లు, మొక్కల నడుమ 45 సెంటీమీటర్లు విడిచి నాటినచో ఎకరమునకు సుమారు 15,000 మొక్కలు పట్టును. ఈ లెక్కను మీరే వేసి చూడవచ్చును.

నారుమడి నేలకంటె 15 సెంటీమీటర్లు ఎత్తుగా నుండవలయును. మీటరు వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు ఉన్నచో పని చేయుటకు వీలుగ నుండును. ఎత్తుగ నుండుట ఎందుకనగా, నీరు నిలిచిన మడిలో నారుకుళ్ళు తెగులు పుట్టును. రాత్రి నిలుచున్న మొలక తెల్లవారునప్పటికి మొదట మెత్తబడి వాలిపోయి యుండును. బాగుగ చివికిన పశువుల ఎరువు కలిపి, వ్రేలితో గీతలు గీచి, ఆ గీతలలో అర సెంటీమీటరు లోతున గింజలు పలుచగ వేసి, పైన సన్నని మట్టి చల్లి, గడ్డి కప్పుదురు. ఆరు మొదలు ఎనిమిది దినములలో మొలక వచ్చును. మొలక కనబడిన వెంటనే గడ్డి తీసివేయవలయును. లేనిచో మొలకలు వెలుతురుకై సాగి, దారములవలె సన్నబడును. ఇటీవల చాలమంది రైతులు నేలమడికి బదులు గుంటలు గల ప్రోట్రేలలో కొబ్బరి పొట్టు నింపి నారు పెంచుచున్నారు. ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క మొక్క పెరుగుటచే, తీయునప్పుడు వేరు తెగదు. హైదరాబాదు చేరువ జీడిమెట్లలోని ఉద్యానశాఖ వారి కేంద్రములో ఇట్టి నారును పెంచి రైతులకు ఇచ్చుట కలదు.

నారు మొలచినది, ఆకులు తొడిగినది, ఇక నాటు వేళ ఎట్లు తెలియును? మొయినాబాదు ప్రాంతమున ఒక రైతు ఇంట ఒక బాలిక తన తాతను ఇట్లడిగెననుకొనుడు.

"తాతా, మన నారు ఎంత పచ్చగ, ఎంత ఏపుగ నున్నదో చూచితివా? నేడే నాటరాదా?"

"పచ్చగ నున్నదనియే నా భయము, బిడ్డా. నీడలో వచ్చిన పచ్చదనము ఎండను చూచి ఎరుగదు. ముందు దాని వయసు చెప్పుము."

"పద్దెనిమిది దినములు."

"ఐన ఇంకొక వారము ఆగుదము. ఆ వారము దానిని ముద్దు చేయక, కొంచెము కష్టము నేర్పవలయును."

ఆ తాత మాటలలో రెండు సూత్రములున్నవి. మొదటిది వయసు. నేలమడిలో పెరిగిన టమాట నారు 25 నుండి 30 దినముల నడుమ నాటుటకు తగియుండును. ప్రోట్రేలలోని నారు అంతకంటె కొంచెము ముందే, 21 నుండి 25 దినములలో సిద్ధమగును. ఆనాటికి మొక్కకు నాలుగైదు నిజమైన ఆకులుండును. మొలకతో వచ్చు రెండు పప్పుబద్దల ఆకులను ఈ లెక్కలో చేర్చరాదు. కాండము పెన్సిలుకంటె సన్నముగనే యున్నను వంచినచో మరల నిలుచునంత బిగువు కలిగియుండవలయును. ఇంతకంటె లేతయైనచో కాండము గాలికి నిలువదు. మిక్కిలి ముదిరినచో మరియొక చిక్కు. ముదురు నారు మడిలోనే మొగ్గ తొడుగును. వేళ్ళు ఒకదానితో నొకటి చుట్టుకొనును. కాండము కట్టెవలె గట్టిపడును. అట్టి మొక్క చేనిలో బ్రతుకును గాని గుబురుగ పెరుగదు. ఎదుగవలసిన కాలమున అది కాయవలెనని తొందరపడును.

రెండవ సూత్రము నారును గట్టిపరచుట. నీడలో, గాలి తగులని చోట, వేళకు నీరు త్రాగి పెరిగిన మొక్క ఆకులు పలుచగను, మెత్తగను ఉండును. ఆకుపై నుండు మైనపు పూత పలుచన. అట్టి మొక్కను ఒక్కసారిగ మండుటెండలో నిలిపినచో ఆకు తెల్లబారి, కాగితమువలె ఎండిపోవును. అందుచే నాటుటకు ఏడెనిమిది దినములు ముందునుండి నీరు క్రమముగ తగ్గించి, ఎండ క్రమముగ హెచ్చింపవలయును. మొదటి దినమున ఉదయపు లేత ఎండ గంటసేపు చాలును. మరునాడు రెండు గంటలు. ఆపై ఇంకను హెచ్చించుచు, వారము ముగియునప్పటికి దినమంతయు ఎండలో నిలుపవచ్చును. నీరు తగ్గించుట యనగా ఎండగట్టుట కాదు. ఆకు వాడుముఖము పట్టగనే కొంచెము తడుపవలయును. ఈ వారములో మొక్క ఎత్తు పెద్దగ పెరుగదు. కాని ఆకు దళసరియగును. మైనపు పూత మందమగును. కాండములో ఆహారము నిలువచేరును. ఆ నిలువయే క్రొత్త చోట క్రొత్త వేరు పుట్టువరకు మొక్కను బ్రతికించును.

ఇచ్చట మరియొక అపాయమును గూర్చి చెప్పవలసియున్నది. తెల్లదోమ అను చిన్న పురుగు ఆకు అడుగున కూర్చుండి రసము పీల్చును. అది పీల్చు రసము కొంచెమే. కాని ఒక మొక్కనుండి వేరొక మొక్కకు ఆకుముడత తెగులును కొనిపోవును. ఎదిగిన మొక్కకు ఈ తెగులు వచ్చినచో కొంత కాపు తగ్గును. నారులోనే వచ్చినచో ఆకులు ముడుచుకొని, మొక్క గిడసబారి, కాపు దాదాపు ఉండదు. ఆరోగ్యముగ కనబడు నారును నాటి, మూడు వారముల తరువాత చేనంతయు ముడుచుకొనిపోవుట చూచి దుఃఖించిన రైతులు ఎందరో కలరు. కావున నారుమడిపై సన్నని నైలాను వల కప్పుదురు. నారును గట్టిపరచునప్పుడు నీడనిచ్చు కప్పును మాత్రమే తీయవలయును. పురుగును ఆపు వలను నాటు దినమువరకు ఉంచవలయును. ఎండ రావలెను, దోమ రాకూడదు. ఈ రెండింటికిని గల తేడా తెలియక రెండు కప్పులను ఒక్కసారి తీసివేయుటచేతనే నష్టము కలుగుచుండును. బెంగుళూరు చేరువనున్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు ఆకుముడతను కొంతవరకు తట్టుకొను 'అర్క రక్షక్' వంటి సంకర రకములను రూపొందించిరి. ఐనను రకము ఎంత మంచిదైనను నారుమడిలోని జాగ్రత్తకు అది బదులు కాదు.

నాటు దినము వలెనే నాటు గంటయు ముఖ్యమైనది. సాయంకాలము నాటుట మేలు. లేదా మబ్బు పట్టిన దినమున నాటవలయును. దీనికి కారణము సులభముగ గ్రహింపవచ్చును. మొక్క వేరుతో నీరు త్రాగి, ఆకుతో ఆవిరిగ విడుచును. నారు తీయునప్పుడు కంటికి కనబడని సన్నని నూగు వేళ్ళు ఎన్నియో తెగిపోవును. త్రాగు నోరు చిన్నదైనది. విడుచు ఆకు మాత్రము పూర్వమువలెనే యున్నది. ఉదయము నాటినచో ఆ దినపు ఎండయంతయు ఆ గాయపడిన మొక్కపై పడును. సాయంకాలము నాటినచో దానికి చల్లని రాత్రి యంతయు సేదదీరుటకు దొరకును. నారు తీయుటకు ముందు మడిని తడిపి, వేరుతో మట్టిని రానిచ్చి తీయవలయును. నాటిన వెంటనే నీరు పెట్టవలయును. మూడవ దినమున మరల జీవతడి ఇయ్యవలయును. టమాట కాండము మట్టిలో నున్నంత మేరకు క్రొత్త వేళ్ళు పుట్టించుకొను శక్తి గలది. అందుచే మడిలోనున్న లోతుకంటె కొంచెము ఎక్కువ లోతున నాటుట మంచిది. వంగ, మిరప నారులతో ఇంత చొరవ తీసికొనరాదు.

ఇంతవరకు మొక్కను చూచితిమి. ఇక ఆకాశమును చూడవలయును. మన రైతులు కాలమును కార్తెలతో లెక్కింతురు. చేవెళ్ల ప్రాంతమున టమాటను మూడు కాలములలో నాటవచ్చును. మే నెల చివర వచ్చు రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని సామెత. ఆ ఎండలో నీడ కప్పు క్రింద నారు పోసినచో జూన్ నెల చివర ఆరుద్ర కార్తెనాటికి, లేదా జూలై మొదట పునర్వసునాటికి నాటుటకు వచ్చును. అప్పటికి తొలకరి వానలు పడి నేల చల్లబడియుండును. ఇది వానకాలపు పంట. దీనికి శత్రువు నీటి నిలువ. కావున ఎత్తైన బోదెలపై నాటి, మురుగు నీరు పోవుటకు కాలువలు తీయుదురు.

సెప్టెంబరులో నారు పోసి, అక్టోబరు నవంబరు నెలలలో, అనగా చిత్త, స్వాతి, విశాఖ కార్తెలలో నాటునది శీతకాలపు పంట. టమాటకు ఇదియే మిక్కిలి అనువైన కాలము. ఆ మొక్కకు 21 మొదలు 24 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి హితవు. రాత్రివేళ 15 మొదలు 20 డిగ్రీలున్నచో పూత బాగుగ పిందె కట్టును. మన దక్కను పీఠభూమిపై శీతకాలపు రాత్రులు సరిగ అట్లే యుండును. పండునకు మంచి ఎరుపు రంగు వచ్చునదియు ఈ కాలముననే. వేడి 30 డిగ్రీలు దాటినచో ఎరుపునిచ్చు పదార్థము తగినంత తయారుకాక, పండు పసుపు కలిసిన రంగున నిలిచిపోవును.

మూడవది వేసవి పంట. డిసెంబరులో నారు పోసి, జనవరిలో ఉత్తరాషాఢ, శ్రవణ కార్తెలలో నాటుదురు. ఫిబ్రవరి మొదటి వారము దాటిన పిదప నాటుట సాహసము. ఎందుకనగా, నాటిన దినము చల్లగ నున్నదని రైతు సంతోషింపరాదు. టమాట నాటిన 25 మొదలు 30 దినములకు పూతకు వచ్చును. ఇంచుమించు 65 మొదలు 70 దినములకు తొలి కోత వచ్చును. అందుచే నాటుటకు ముందు పూత తేదిని లెక్కించి చూడవలయును. జనవరి 20న నాటినచో ఫిబ్రవరి మూడవ వారమున పూత వచ్చును. అప్పటికి రాత్రులు ఇంకను చల్లగనే యుండును. మార్చి 10న నాటినచో ఏప్రిల్ రెండవ వారమున పూత వచ్చును. ఆనాడు మధ్యాహ్నపు వేడి 38 డిగ్రీలకు చేరువగ నుండును, రాత్రియు చల్లబడదు. పుప్పొడి శక్తి కోలుపోవును. పువ్వు పిందె కట్టక రాలిపోవును. మొక్క పచ్చగనే యుండును, చేను చూచుటకు ముచ్చటగనే యుండును, కాని కాపు మాత్రము ఉండదు. నాటు వేళను నిర్ణయించునది నేటి వాతావరణము కాదు, నెల తరువాతి వాతావరణము. ఈ మాటను టమాట రైతు మరువరాదు.

ఈ లెక్క తెలిసిన పిదప బజారు ధరల రహస్యమును కొంత బోధపడును. 2023 జూలై నెలలో హైదరాబాదు మొదలగు నగరములలో టమాట కిలో ధర 100 రూపాయలు దాటిపోయెను. ఇండ్లలో చింతపండు పులుసే గతియైనది. జూలై మొదట కోతకు రావలెనన్నచో ఏప్రిల్ చివర నాటవలయును. మే చివర పూత రావలయును. అది రోహిణి కార్తె! ఆ ఎండలో పిందె నిలిపినవారు కొలదిమంది. కావున సరకు తక్కువ, ధర ఎక్కువ. అదే సంవత్సరము సెప్టెంబరు నాటికి క్రొత్త పంట విరివిగ వచ్చి ధర పడిపోయెను. కర్నూలు ప్రాంతమున రైతులు కోతకూలి కూడ గిట్టక పండ్లను పారబోసిరి. శీతకాలపు పంట వచ్చు ఫిబ్రవరి, మార్చి నెలలలోను ఇట్టి దుస్థితి తరచు కలుగును. మొక్కకు మంచి కాలము ఏదో, అందరు రైతులును నాటు కాలము అదియే. అందరును ఒక్కసారి కోసినచో ధర నిలువదు. మొక్కకు హితమైన వేళ ధరకు హితము కాదు. ధర పలుకు వేళ మొక్కకు హితము కాదు. రైతు ఈ రెండింటి నడుమ కత్తి అంచుపై నడచుచున్నాడు. కొందరు చేనంతయు ఒకేసారి నాటక, రెండు మూడు వారముల ఎడముతో భాగములుగ నాటుదురు. ఒక కోతకు ధర తప్పినను వేరొక కోతకు దొరకునని వారి ఆశ. మరికొందరు షేడ్‌నెట్ నీడ, మల్చింగు షీటు, బిందుసేద్యము, ఊతకర్రలు మొదలగు సాధనములతో వేసవిని ఎదుర్కొనుచున్నారు. ఇవన్నియు ఖర్చుతో కూడినవి.

నాటు వేళను గూర్చి మరియొక చక్కని లెక్క కలదు. కాయతొలుచు పురుగు యొక్క తల్లిరెక్కల పురుగునకు బంతిపూవనిన మిక్కిలి ప్రీతి. అది టమాటను విడిచి బంతిపై గ్రుడ్లు పెట్టును. కావున 16 వరుసల టమాటకు ఒక వరుస బంతి నాటుట మేలని శాస్త్రజ్ఞులు చెప్పిరి. ఐతే రెండును ఒకే కాలమున పూయవలయును. టమాట పూచిన తరువాత బంతి పూచినచో ప్రయోజనము లేదు. అందుచే 25 దినముల టమాట నారుతో 45 దినముల బంతి నారును కలిపి నాటుదురు. అనగా టమాటకంటె 20 దినములు ముందుగ బంతి నారు పోయవలయును. బంతితోటలకు పేరు పొందిన చేవెళ్ల, మొయినాబాదు రైతులకు ఇది చేతిలోని పని. పురుగు చిక్కుకొనును, మందు ఖర్చు తగ్గును, పండుగనాడు పూలును చేతికి వచ్చును.

ఇతర దేశములలో ఈ ప్రశ్న వేరొక రూపమున నున్నది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున మన తెలుగువారు అనేకులు స్థిరపడి, ఇంటి వెనుక పెరటిలో గోంగూర, టమాట పెంచుకొనుచున్నారు. అచ్చట మార్చి నెలలో ఇంటిలోపల, కిటికీ ప్రక్కన చిన్న గిన్నెలలో నారు పోయుదురు. బయట నేలపై ఇంకను మంచు గడ్డకట్టుచుండును. ఒక్క రాత్రి గడ్డ మంచు పట్టినచో టమాట మొక్క నల్లబడి చచ్చును. మే నెల నడుమ, చివరి మంచు పోయి, రాత్రి వేడిమి 10 డిగ్రీలకు దిగదను నమ్మకము కలిగిన పిదపనే మొక్కను బయటికి తెత్తురు. జర్మనీ దేశమున మే 11 మొదలు 15 వరకు గల దినములను 'మంచు మునుల దినములు' అందురు. అవి గడచినగాని అచ్చటివారు లేత మొక్కలను బయట నాటరు. భూగోళమునకు దక్షిణముననున్న ఆస్ట్రేలియాలో ఋతువులు తలక్రిందులు. మెల్‌బోర్న్ నగరమున నవంబరు మొదటి మంగళవారము నాడు గొప్ప గుఱ్ఱపు పందెము జరుగును; ఆనాటికి టమాట నాటవలయునని అచ్చటి తోటలవారి వాడుక. వారికి పందెపు దినము, మనకు కార్తె. గురుతు వేరైనను వివేకము ఒక్కటియే. వారు చలికి భయపడి వేచియుందురు. మనము ఎండకు, నీటికి, తెల్లదోమకు భయపడి వేచియుందుము. బయటికి తెచ్చుటకు ముందు మొక్కను వారమునాళ్ళు గట్టిపరచుట మాత్రము అన్ని దేశములలో ఒకే విధము.

చేను లేనివారు సైతము ఈ పనిని చేసి చూడవచ్చును. అడుగున రంధ్రము గల పాత కుండయో, డబ్బాయో చాలును. సెప్టెంబరు నెలలో మట్టి, చివికిన ఎరువు, కొంచెము ఇసుక కలిపి నింపి, పది గింజలు వేయుడు. మొలచిన దినమును, ఆకు వచ్చిన దినమును ఒక పుస్తకమున వ్రాసికొనుడు. పలుచని గుడ్డ కప్పి పురుగును రానీయకుడు. పదునెనిమిది దినములైన పిదప ఎండ నేర్పుట మొదలిడుడు. నాలుగైదు ఆకులు వచ్చిన తరువాత ఒక సాయంకాలమున రెండు మొక్కలను నాటుడు. మరునాటి మధ్యాహ్నము మరి రెండింటిని నాటుడు. గట్టిపరచని మొక్కను వేరుగ నుంచి దానిని కూడ నాటుడు. వారము గడచిన పిదప మూడింటిని పోల్చి చూచినచో, ఈ పాఠములోని మాటలు నిజమో కాదో ఆ మొక్కలే మీకు చెప్పును.

వేచియుండుట సోమరితనము కాదు. నారుమడి చెంత నిలిచి దినములు లెక్కించు రైతు, ఆకు బిగువును వ్రేలితో పరీక్షించును, మబ్బును చూచును, నెల తరువాతి ఎండను ఊహించును, బజారు ధరను తలపోయును. బడిలో చదువనివారు సైతము తరతరముల అనుభవముచే ఈ లెక్కలను నోటితో కట్టుదురు. నేటి శాస్త్రము ఆ అనుభవమునకు కారణములు చూపి, క్రొత్త సాధనములు సమకూర్చుచున్నది. రెండును కలిసినప్పుడే పంట పండును. బజారులో ఎర్రని టమాటను చేతిలోనికి తీసికొనునప్పుడు, దానిని ఒక సాయంకాలము వంగి నాటిన చేతులను మనము తలచుకొనవలయును.

ప్రశ్నలు

1. టమాట విత్తనములను నేరుగ చేనిలో చల్లక నారు పోయుటకు కారణమేమి?
2. నారును గట్టిపరచుట యననేమి? ఆ వారములో మొక్కలో కలుగు మార్పులేవి?
3. సాయంకాలము నాటుట మేలని ఏల చెప్పుదురు?
4. "నాటు వేళను నిర్ణయించునది నేటి వాతావరణము కాదు, నెల తరువాతి వాతావరణము." ఈ వాక్యమును ఉదాహరణముతో వివరింపుము.
5. జూలై నెలలో టమాట ధర పెరుగుటకును, ఫిబ్రవరి, మార్చి నెలలలో తగ్గుటకును గల కారణములను వ్రాయుము.
6. మీ ఊరిలో కూరగాయలు పండించువారిని అడిగి, వారు ఏ కార్తెలో ఏ నారు నాటుదురో ఒక పట్టిక తయారుచేయుము.